తొట్టి జాకీ ఎక్కడ ఉండాలి? ఎత్తే మీట ఎక్కడ ఉండాలి?



ఇవాళ నేను విత్తనాలను గురించి గాని, ఎరువులను గురించి గాని చెప్పబోవడం లేదు. ట్రాక్టరు వెనక కట్టే తొట్టిని గురించి చెబుతాను. దాన్ని కొందరు ట్రక్కు అంటారు, కొందరు ట్రాలీ అంటారు, ఇంకొందరు ట్రైలరు అంటారు. పేరేదైనా వస్తువు ఒకటే. ఆ తొట్టిని విప్పినప్పుడు సమంగా నిలబెట్టే జాకీ ఎక్కడ ఉండాలి, దాన్ని ఎత్తి కుమ్మరించే మీట ఎక్కడ ఉండాలి అన్నదే ఈనాటి విషయం.

"ఇంత చిన్న సంగతికి ఒక ప్రసంగమా?" అని మీకు అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. ఎందుకు మారానో ముందుగా చెబుతాను.

మాది రెండు చక్రాల తొట్టి. దాని మెడకు ఒక మరజాకీ ఉండేది. మెడ అంటే తొట్టి ముందునుంచి సాగి వచ్చి ట్రాక్టరు కొక్కేనికి తగిలే ఇనుప చట్రం. ఆ జాకీ పిడి ట్రాక్టరు వైపుకు ఉండేది. పొలంగట్టు దగ్గర మలుపు తిరిగినప్పుడల్లా ట్రాక్టరు పెద్దచక్రం పిడిని రాసుకునేది. రెండుసార్లు పిడి వంగింది, సరిచేయించాను. మూడోసారి వంగేసరికి విసుగెత్తి, వెల్డింగు షాపుకు తోలించి జాకీని మొదలంటా కోయించేశాను. అప్పటినుంచి తొట్టి విప్పాలంటే మెడ కింద ఇటుకలు పేర్చడమే.

మాసూళ్ల రోజుల్లో ఒక సాయంత్రం, ధాన్యం బస్తాలతో ఉన్న తొట్టిని కళ్లం పక్కన నిలిపి ట్రాక్టరును వేరే పనికి పంపవలసి వచ్చింది. మా దగ్గర పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి ఇటుకలు పేర్చి పిన్ను లాగాడు. ట్రాక్టరు ముందుకు కదిలింది. అడుగు ఇటుక పగిలింది. మెడ అతని కుడిపాదం మీద పడింది. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

"నేనే చూసుకోలేదయ్యా" అన్నాడతను. ఊళ్లో అందరూ అదే అన్నారు. కొన్నాళ్లపాటు నేనూ అదే అనుకున్నాను. తరువాత ఒకరోజు ఖాళీ తొట్టి పక్కన కూర్చుని లెక్క వేసుకుంటే అసలు సంగతి తెలిసింది. జాకీ పిడి ఒక మూర పక్కకు ఉండివుంటే చక్రం తగిలేది కాదు. చక్రం తగలకపోతే నేను జాకీ కోయించేవాణ్ణి కాదు. జాకీ ఉంటే ఆ ఇటుకలు ఉండేవి కావు. పిడి పెట్టిన చోటు తప్పు, దాన్ని కోయించడం నా తప్పు. వేళ్లు పోయింది మాత్రం అతనివి.

అందుచేత ఈ విషయం మీకు చెప్పాలనుకున్నాను.

ముందు బరువు సంగతి చూద్దాం. ఎడ్లబండి తోలినవారికి ఇది కొత్త కాదు. బస్తాలు ఇరుసుకు ముందు ఎక్కువైతే ఎద్దుల మెడమీద బరువు పడుతుంది. వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. అందుకే బండి విప్పగానే ముందు ఊతకర్ర పెడతాం. రెండు చక్రాల తొట్టి కూడా ఒక పెద్ద బండే. నాలుగు చక్రాల తొట్టి తన బరువును తానే మోసుకుంటుంది. రెండు చక్రాలది మాత్రం బరువులో కొంత భాగాన్ని ట్రాక్టరు కొక్కెం మీద మోపుతుంది.

ఎంత భాగం? ఒక లెక్క చూడండి. కొక్కెం పిన్ను నుంచి ఇరుసుకు 10 అడుగులు అనుకుందాం. తొట్టి పొడవు 12 అడుగులు. అది పిన్నుకు 3 అడుగుల వెనక మొదలై 15 అడుగుల దగ్గర ముగుస్తుంది. అందులో 75 కిలోల బస్తాలు 40 సమంగా పేర్చాం. అంటే 3,000 కిలోలు. ఆ బరువు నడిమి చోటు పిన్నుకు 9 అడుగుల దూరాన, అంటే ఇరుసుకు ఒక అడుగు ముందు ఉంటుంది. అప్పుడు కొక్కెం మీద పడేది మొత్తంలో పదోవంతు, 300 కిలోలు. అంటే నాలుగు బస్తాలు. ఇది తొట్టి సొంత బరువు కలపకుండా చెప్పిన మాట.

ఇప్పుడు తొట్టిని విప్పి జాకీ మీద నిలబెట్టాం. జాకీ పిన్నుకు 3 అడుగుల వెనక ఉందనుకోండి. ఇరుసుకు దగ్గరైన కొద్దీ ఊత మీద బరువు పెరుగుతుంది. అక్కడ సుమారు 430 కిలోలు పడుతుంది.

అలా నిలిపిన తొట్టిలోంచి బస్తాలు దించుతున్నాం. వెనకతలుపు తీసి వెనక పది బస్తాలు మాత్రం దించితే ఏమవుతుంది? బరువు తగ్గింది గదా, జాకీకి సుఖం అనుకుంటాం. కాదు. మిగిలిన 30 బస్తాల నడిమి చోటు ముందుకు జరుగుతుంది. జాకీ మీద బరువు 430 కిలోల నుంచి సుమారు 800 కిలోలకు పెరుగుతుంది. బస్తాలు తగ్గాయి, ఊత మీద భారం మాత్రం దాదాపు రెట్టింపయింది!

పోనీ, ముందు పది బస్తాలు దించామనుకోండి. మిగిలిన బరువు ఇరుసుకు అర అడుగు వెనక్కు పోతుంది. మెడ పైకి లేవాలని చూస్తుంది. ఆ లేపే శక్తి కొక్కెం దగ్గర సుమారు 112 కిలోలు. ఖాళీ తొట్టి మెడ బరువు అంతకన్న తక్కువైతే ముక్కు ఒక్కసారిగా లేచి, వెనకభాగం నేలకు కొడుతుంది. వెనక నిలబడి బస్తా అందుకుంటున్న మనిషి గతి ఏమిటో ఆలోచించండి.

కాబట్టి మొదటి మాట: విప్పి నిలిపిన తొట్టిలోంచి బస్తాలను ముందునుంచి కొన్ని, వెనకనుంచి కొన్ని దించుకుంటూ రావాలి. వీలైతే ట్రాక్టరు విప్పకుండానే దించాలి. రెండో మాట: ఆ జాకీ కనీసం ఒక టన్ను మోయగలదై ఉండాలి, రెండు టన్నులదైతే మరీ మంచిది. ఇటుకలు, వంటచెరకు దుంగ, ఊగే బండరాయి, ఇవి ఊతలు కావు.

ఇక జాకీ ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు వద్దాం. ఈ ప్రశ్న మనకొక్కరికే కాదు. అమెరికాలో 'ఫిఫ్త్ వీల్' అనే ఒక రకం ట్రైలర్లు ఉన్నాయి. ఆ మాటకు ఐదో చక్రం అని అర్థం. పూర్వం గుర్రపు బండ్లకు ముందు ఇరుసు తిరగడానికి ఒక ఇనుప వలయాన్ని అడ్డంగా పరచి పెట్టేవారు. నేలమీద నాలుగు చక్రాలు, అది ఐదోది. గుర్రాలు పోయి మోటార్లు వచ్చినా పేరు నిలిచిపోయింది. 1914లో డెట్రాయిట్ నగరంలో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి, ఒక కలప వ్యాపారి పడవను ఫోర్డు కారు వెనక లాగడానికి ఒక ట్రైలరు చేసి ఇచ్చాడు. పెద్ద ట్రైలర్ల పరిశ్రమ ఒకటి అలా ఒక కొలిమి దగ్గర మొదలయింది. మన ఊరి కమ్మరులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ రోజుల్లో అక్కడ కాపురం ఉండటానికి వీలైన ఇళ్లలాంటి ఫిఫ్త్ వీల్ ట్రైలర్లు ఉన్నాయి. వాటి ముందుభాగం ట్రక్కు వెనక ఇరుసు మీదికి వచ్చి కూర్చుంటుంది. విప్పినప్పుడు ముందు రెండు ఇనుప కాళ్లు దిగుతాయి. చాలావాటికి వెనక కూడా కాళ్లు ఉంటాయి. నూనె ఒత్తిడితోనో, కరెంటు మోటారుతోనో అవి దిగి ట్రైలరును సమం చేస్తాయి. వాటిని నడిపే మీటల పలక చాలావాటిలో ఎడమ పక్కన, ముందుభాగానికి దగ్గరగా, చిన్న అరలాంటి దానిలో ఉంటుంది. ఎందుకంటే అక్కడ నిలబడినవాడికి ముందు కాళ్లు కనబడతాయి, కొక్కెం కనబడుతుంది, కాలి కింద నేల కనబడుతుంది.

ఆ పలక గుమ్మం దగ్గర ఉంటే బాగుండునని, లోపల ఉంటే ఇంకా బాగుండునని కోరేవారు అక్కడా ఉన్నారు. చేతిలో పట్టుకుని దూరంనుంచి నొక్కే సాధనాలు కూడా వచ్చాయి. వానలో తడవకుండా లోపల కూర్చుని నొక్కగలగడం సుఖమే. కాని కాలు గట్టినేల మీద దిగుతోందా, బురదలో దిగుతోందా, దాని కింద పసిపిల్లవాడి బొమ్మ ఉందా, పిల్లవాడే ఉన్నాడా, ఇదంతా లోపల ఉన్నవాడికి కనబడదు. నొక్కే చెయ్యి, చూసే కన్ను ఒకే చోట ఉండాలి. ఈ సూత్రం లక్షల ఖరీదు చేసే వాటికీ వర్తిస్తుంది, మన తొట్టికీ వర్తిస్తుంది.

అయితే వాళ్లను చూసి కళ్లు మూసుకుని ఎడమ పక్కన పెట్టకూడదు సుమా. అక్కడ వాహనాలు రోడ్డుకు కుడి అంచున నడుస్తాయి. డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. వెనక్కు తోలేటప్పుడు అతనికి బాగా కనబడేది ఎడమ పక్క. మన దగ్గర బండ్లు రోడ్డుకు ఎడమ అంచున నడుస్తాయి. కాబట్టి మనం కూడా జాకీ పిడిని ఎడమ పక్కకే పెట్టుకోవాలి, కాని కారణాలు వేరు. మొదటిది, రోడ్డు పక్కన ఆపినప్పుడు ఎడమ పక్క నిలబడ్డ మనిషి రోడ్డు మార్జిన్‌లో ఉంటాడు. కుడి పక్క నిలబడితే వెనకనుంచి వచ్చే లారీకి అడ్డంగా ఉంటాడు. రెండోది, మన ట్రాక్టర్లు ఎక్కేది, దిగేది సాధారణంగా ఎడమవైపునుంచి. ఇంజను ఆపి దిగిన డ్రైవరు రెండు అడుగులు వెనక్కు వేస్తే జాకీ పిడి అందాలి. దిగినవాడే తిప్పాలి.

ఈ చివరి మాటను జాగ్రత్తగా వినండి. డ్రైవరు సీటులో ఉండి, ఇంజను నడుస్తూ ఉండగా, ఇంకొకడు ట్రాక్టరుకు తొట్టికి మధ్య దూరి జాకీ తిప్పడం మనవాళ్లకు అలవాటు. హైడ్రాలిక్ మీట కుడి పక్కన ఉంటుంది కాబట్టి డ్రైవరు తరచు కుడిభుజం మీదుగా వెనక్కు చూస్తాడు. ఎడమ పక్కన ఉన్న మనిషి అతనికి కనబడడు. క్లచ్చి మీద కాలు ఒక్కసారి జారితే చాలు. కనుక ట్రాక్టరుకు, తొట్టికి మధ్య మనిషి ఉన్నంతసేపూ ఇంజను ఆగి ఉండాలి, సీటు ఖాళీగా ఉండాలి.

ఇప్పుడు కొలతలు చెబుతాను. మీ వెల్డింగు షాపు మేస్త్రీకి చెప్పి చేయించుకోవడానికి పనికి వస్తాయి.

ఖాళీ తొట్టిని తగిలించి, విశాలమైన చోట ట్రాక్టరును మెల్లగా ఎడమకు పూర్తిగా తిప్పండి. పెద్దచక్రం మెడకు ఎక్కడ బాగా దగ్గరగా వస్తే అక్కడ ట్రాక్టరు నిలిపి, ఇంజను ఆపి, మెడ మీద సుద్దతో గీత గీయండి. కుడికి తిప్పి మళ్లీ అలాగే చెయ్యండి. రెండు గీతల్లో వెనకది చూసుకుని, దానికి ఒక మూర వెనక జాకీని బిగించండి. అంతకన్న వెనక్కు పోవద్దు. ఇందాక చెప్పినట్టు ఇరుసుకు దగ్గరైన కొద్దీ జాకీ మీద భారం పెరుగుతుంది.

జాకీ మెడకు బయటివైపు, ఎడమ పక్కన ఉండాలి. తిప్పే పిడి నడుముకు పైన, రొమ్ముకు కింద ఉండాలి. వంగి తిప్పేవాడి తల మెడ పక్కకు వస్తుంది. నిటారుగా నిలబడి తిప్పేవాడు అవసరమైతే వెనక్కు గెంతగలడు. పిడి తిరిగేటప్పుడు వేళ్లకు, ఇనుముకు మధ్య జానెడు ఖాళీ ఉండాలి. పని అయ్యాక పిడి మడిచి కొక్కేనికి తగిలించే ఏర్పాటు కావాలి. లేకపోతే అది గట్టుకో, చెట్టుకో, పాదచారికో తగులుతుంది.

జాకీ అడుగున జానెడు పొడవు, జానెడు వెడల్పు ఉన్న ఇనుప రేకు ఉండాలి. మన నల్లరేగడి తడిసిందంటే అదీ చాలదు. రెండు అంగుళాల మందం, ఒక మూర పొడవు ఉన్న చెక్క ఒకటి ఎప్పుడూ తొట్టితోపాటే ఉండాలి. ప్రయాణంలో జాకీ పాదం నేలకు కనీసం ఒక అడుగు ఎత్తున ఉండేలా పైకి లాగి చీల పెట్టాలి. గట్లు దాటేటప్పుడు కిందికి వేలాడే జాకీ మెడనే విరగగొడుతుంది.

ఇంకొకటి. ఆ అమెరికా ట్రైలర్లలో కొన్నింటికి విప్పినప్పుడు ముందుభాగం ఎంత ఎత్తున ఉన్నదో గుర్తుంచుకునే ఏర్పాటు ఉన్నది. మళ్లీ తగిలించేటప్పుడు అది సరిగ్గా ఆ ఎత్తుకే వస్తుంది. మనకు ఆ యంత్రం అక్కరలేదు. తొట్టి ట్రాక్టరుకు తగిలి ఉన్నప్పుడు జాకీని నేలకు ఆనించి, కడ్డీ మీద ఎర్రరంగుతో ఒక గీత గీయండి. అదే కొక్కెం ఎత్తు. నేల సమంగా ఉన్నచోట ఆ గీతకు తెచ్చి ఉంచితే, ట్రాక్టరు వెనక్కు వచ్చినప్పుడు రంధ్రాలు ఇంచుమించు కలుస్తాయి. మెడ కింద భుజం పెట్టి "ఐలెస్సా" అని లేపవలసిన పని ఉండదు. ఈ లేపడంలోనే ఎందరి నడుములో పట్టేస్తున్నాయి.

రసమట్టం ఒకటి కొని మెడకు అడ్డంగా, జాకీ తిప్పేవాడి కంటికి ఎదురుగా బిగిస్తే ఇంకా మంచిది. తొట్టి ఎడమకు ఒరిగిందా, కుడికి ఒరిగిందా అది చెబుతుంది. జాకీ ముందువెనకలను సరిచేస్తుంది గాని పక్కవాటును సరిచెయ్యదు. పక్కవాటు ఉంటే పల్లపు చక్రం కింద చెక్క వేసి, దాని మీదికి తోలాలి. బరువున్న తొట్టిని విప్పిన తరువాత పక్కవాటు సరిచేయాలని చూడకండి.

విప్పే వరస కూడా చెబుతాను. గట్టినేల చూసి ఆపండి. ఇంజను ఆపండి, బ్రేకు బిగించండి. తొట్టి చక్రాలకు ముందూ వెనకా రాళ్లు గాని, అడ్డుచెక్కలు గాని పెట్టండి. అప్పుడు జాకీ దించి, కొక్కెం మీద బరువు పోయేదాకా తిప్పండి. పిన్ను చేతివేళ్లతో వదులుగా కదిలితే బరువు జాకీ మీదికి వచ్చినట్టు. సుత్తితో కొట్టవలసి వస్తే ఇంకా రాలేదన్నమాట. పిన్ను తీసి, మనిషి పక్కకు వచ్చాకే ట్రాక్టరు కదలాలి. తగిలించేటప్పుడు ఇదే వరస వెనకనుంచి ముందుకు. పిన్ను వేసి, అది జారకుండా చీల పెట్టి, ఆ తరువాతే జాకీ ఎత్తాలి. చక్రాల కింది రాళ్లు అన్నిటికన్న చివర.

ఇంతవరకు జాకీ సంగతి. ఇక ఎత్తి కుమ్మరించే తొట్ల మీట సంగతి.

ఈ తొట్ల కింద ఒక హైడ్రాలిక్ గొట్టం ఉంటుంది. ట్రాక్టరునుంచి నూనె అందులోకి పోయి తొట్టిని లేపుతుంది. చాలావాటిలో లేపేది నూనె, దింపేది తొట్టి సొంత బరువు. అంటే మీటను కిందివైపు నొక్కితే చాలు, పైన ఉన్నది దిగిపోతుంది. రబ్బరు గొట్టం పగిలినా అంతే, దిగిపోతుంది. ఎంత ఎత్తున ఉన్నా అది నూనె మీద నిలబడి ఉన్నదని మరచిపోకూడదు.

అందువల్ల ఈ మీట ట్రాక్టరు సీటులో కూర్చున్నవాడికి మాత్రమే అందాలి. నేలమీద నిలబడినవాడికి, చక్రం పక్కనుంచి చెయ్యి చాచినవాడికి అందకూడదు. జాకీ విషయంలో నేలమీద నిలబడి తిప్పమన్నాను, ఇక్కడ సీటులో కూర్చుని నడపమంటున్నాను. ఇదేమిటంటారా? సూత్రం ఒకటే. జాకీ కింద నేలను చూడాలి, కనుక నేలమీద ఉండాలి. ఎత్తే తొట్టి మీద పడే వస్తువు, కనుక దాని పక్కన ఉండకూడదు. కదిలేది కనబడాలి, అది వచ్చి తగిలే చోట మాత్రం మనం ఉండకూడదు.

మీట విడిచిపెట్టగానే తనంత తానే మధ్యకు వచ్చి ఆగేదై ఉండాలి. పంచె అంచు, తువ్వాలు తగిలి కదలకుండా చిన్న తాళం గాని, అడ్డుకమ్మి గాని ఉండాలి. కొందరు మీటకు తాడు కట్టి వెనక నిలబడి లాగుతారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

వెనకతలుపు గడియ కూడా ఒక మీటే. అది తలుపు మీదే ఉంటే తీసేవాడు తలుపు ఎదురుగా నిలబడాలి. లోపల ధాన్యమో, కంకరో తలుపుకు ఒత్తి ఉంటుంది. గడియ తీయగానే తలుపు వచ్చి తగులుతుంది, వెనకే సరుకు. ఒక ఇనుప కడ్డీని తొట్టి పక్కగోడ వెంట ఎడమ పక్కకు తెచ్చి, అక్కడినుంచి గడియ తీసేలా చేయించుకోండి. పని చిన్నదే, ఏ వెల్డింగు షాపులోనైనా అవుతుంది.

ఎత్తేటప్పుడు నేల పక్కవాటు లేకుండా ఉండాలి. చక్రాల మధ్య వెడల్పు 5 అడుగులనుకుందాం. ఒక చక్రం అర అడుగు దిగబడితే, ఏడు అడుగుల ఎత్తుకు లేచిన బరువు 8 అంగుళాలు పక్కకు జరుగుతుంది. ఆ పైన తడిమట్టి ఒక మూలకు అంటుకుని ఉండిపోతే తొట్టి పక్కకు బోల్తా పడవచ్చు. ఎత్తినకొద్దీ బరువు ఇరుసు వెనక్కు పోతుంది కాబట్టి కొక్కెం పైకి లాగబడుతుంది. పిన్నుకు చీల లేకపోతే ఊడిపోతుంది. అందుచేత జాకీ మీద నిలబెట్టిన తొట్టిని ఎన్నడూ ఎత్తకూడదు. తొట్టి కింద ఏదైనా బాగుచేయవలసి ఉంటే, ఖాళీ తొట్టిని ఎత్తి, చట్రానికి తొట్టికి మధ్య ఇనుప ఊతకమ్మి పెట్టి, ఆ తరువాతే కిందికి తల పెట్టాలి.

పైకి కూడా చూడాలి. పొలాల మీదుగా పోయే 11 కిలోవోల్టుల బోడితీగ నేలకు కనీసం 4.6 మీటర్ల ఎత్తున, అంటే ఇంచుమించు 15 అడుగుల ఎత్తున ఉండాలని నిబంధన. పన్నెండు అడుగుల తొట్టి బాగా లేచినప్పుడు దాని ముందు అంచు 12, 13 అడుగులకు పోతుంది. స్తంభం ఒరిగి తీగ జారితే మిగిలేది మనిషి చేతి పొడవు. తీగకు ఆనకపోయినా దగ్గరకు పోతే చాలు, కరెంటు దూకుతుంది. కళ్లం ఎప్పుడూ తీగకు దూరంగానే వేసుకోండి. తీగ కింద ఎత్తవద్దు, ఎత్తిన తొట్టితో ముందుకు కదలవద్దు.

గ్రామాల్లో పనిచేసే విస్తరణ సిబ్బందికి ఒక మాట. మీరు ఊరికి పోయినప్పుడు పైరును చూస్తారు, నేలను చూస్తారు. వచ్చేటప్పుడు చావడి దగ్గర ఆగిన తొట్టి మెడ కిందికి ఒక్కసారి వంగి చూడండి. ఇటుకలు కనబడితే, జాకీ ఎందుకు లేదని అడగండి. "జాగ్రత్తగా ఉండండి" అని చెప్పి రావద్దు. ఆ మాట అందరూ చెబుతారు, ఎవరూ కాదనరు. సుద్దముక్క తీసుకుని, ట్రాక్టరును మలుపు తిప్పించి, మెడ మీద గీత గీసి చూపండి. ఒక ఊళ్లో ఒక తొట్టికి సరిగా జాకీ బిగిస్తే మిగతావాళ్లు దాన్ని చూసి చేయించుకుంటారు. రైతు చెవితో కన్న కంటితో ఎక్కువ నేర్చుకుంటాడు.

అలాగే తొట్టి మెడ మీద మనుషులను కూర్చోనివ్వకండి. నాట్లకు, కోతలకు వెళ్లే ఆడకూలీలు తొట్టిలో చోటు లేక మెడ మీద కూర్చుని జాకీ పిడి పట్టుకుంటారు. అది పట్టుకునే కమ్మి కాదు. జారితే పడేది పెద్దచక్రాల వెనక, తొట్టి చక్రాల ముందు.

ఖర్చు సంగతి అడుగుతారేమో. జాకీ ఒకటి, ఇనుప రేకు ఒకటి, చెక్కముక్క, కొంచెం ఎర్రరంగు, ఒక పూట వెల్డింగు పని. తొట్టి ఖరీదులో అది లెక్కలోకి రాదు. నేను జాకీ కోయించినప్పుడు కూడా డబ్బు ఇచ్చే కోయించాను. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే దాన్ని పక్కకు జరిపించి ఉండేవాణ్ణి.

ఇప్పుడు మా తొట్టికి మళ్లీ జాకీ ఉన్నది. ఎడమ పక్కన, చక్రానికి అందనంత దూరాన, నడుముకు పైన. అది బిగించి తెచ్చిన రోజున మా మనిషే కుంటుకుంటూ వచ్చి, పిడి పట్టుకుని నాలుగు చుట్లు తిప్పి చూశాడు. "తేలిగ్గా ఉందయ్యా. ఇది అప్పుడే ఉంటే బాగుండేది" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను.

మీ ఊళ్లో ఎవరూ ఆ మాట అనవలసిన అవసరం రాకుండా చూసుకోండి. రేపు ఉదయం తొట్టి విప్పేముందు మెడ దగ్గర ఒక నిమిషం నిలబడండి. తిప్పేవాడు ఎక్కడ నిలబడతాడు, అతనికి ఏది కనబడుతుంది, అతని మీదికి ఏది వస్తుంది, ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. జాకీ ఎక్కడ ఉండాలో ఆ తొట్టే మీకు చెబుతుంది.